మా పెరట్లో కోళ్ల గూడు: పది వారాల డైరీ

జనవరి 19, 2025, ఆదివారం

గంప మీద రాయి పెట్టింది పెట్టినట్టే ఉంది. గంపా బోర్లించినట్టే ఉంది. కింద ఇసుకలో మాత్రం జానెడు వెడల్పున ఒక బొరియ. లోపల ఐదు పెట్టలుండాలి, నాలుగే ఉన్నాయి. మచ్చల పెట్ట ఈకలు మునగచెట్టు దాకా రాలి ఉన్నాయి.

ఇది ముక్కనుమ నాడు తెల్లవారుజామున జరిగింది. మా చిన్నది ఆ రోజు అన్నం ముట్టలేదు. మచ్చల పెట్టని పిల్లప్పటి నుంచి చేతుల్లో పెంచింది అదే. అత్తయ్య ఇసుకలో అడుగులు చూసి "మానుపిల్లి. తాటిచెట్ల మీంచి దిగింది" అన్నారు. మాది చీరాల దగ్గర ఊరు. సముద్రం దగ్గర, నేలంతా ఇసుక, చుట్టూ తాటిచెట్లు. ఇసుకలో తవ్వడం ఏ జంతువుకైనా నిమిషం పని. గంప మీద ఎంత బరువు పెట్టాలా అనే ఇన్నాళ్లూ చూశాం తప్ప కిందనుంచి వస్తుందని ఎవరమూ అనుకోలేదు.

ఈ రోజు అందరం వసారాలో కూర్చుని గూడు కట్టాలని తీర్మానించాం. మా ఆయనకి ఆదివారమే సెలవు కాబట్టి పని ఆదివారాల్లోనే. పెద్దాడు ఎనిమిదో తరగతి, లెక్కలు వాడివి. చిన్నది నాలుగో తరగతి, కోళ్ల సంగతులు దానివి. ఏ పనికైనా చివరి మాట అత్తయ్యది.

కొలతలు ఇలా అనుకున్నాం. పొడవు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు. పెద్ద కోడికి రెండు చదరపు అడుగుల లెక్కన పన్నెండు కోళ్లకి సరిపోతుంది. ఇప్పుడున్నవి నాలుగు పెట్టలు, ఒక డేగ పుంజే అయినా రేపు పిల్లలవుతాయి. పగలు పెరట్లో తిరుగుతాయి, రాత్రి నిద్రకే గూడు. నేల మీద కట్టకుండా గుంజల మీద రెండు అడుగుల ఎత్తున కట్టాలన్నది అత్తయ్య మాట. తవ్వే జంతువుకి తవ్వడానికి ఏమీ దొరకదు, వానాకాలం చెమ్మ పైకి రాదు.

పొడవు తూర్పు పడమరలుగా ఉండాలని మా ఆయన అన్నారు. అప్పుడు పొద్దున, సాయంత్రం వాలు ఎండ చిన్న గోడల మీదే పడుతుంది. దక్షిణం వైపు జాలీ, గాలికి. ఈశాన్య రుతుపవనాల జల్లు కొట్టే ఉత్తరం వైపు సగం దాకా తాటాకు తడిక.

జనవరి 26, ఆదివారం

పిల్లలు బడిలో జెండా వందనం అయి వచ్చేసరికి పదయింది. అప్పుడు మొదలుపెట్టాం.

ముందు నేల మీద తాడుతో గుర్తు. పెద్దాడు మూడు, నాలుగు, ఐదు అడుగుల తాడుతో త్రిభుజం చేసి మూల సరిగ్గా తిప్పాడు. తర్వాత ఆ మూల నుంచి ఈ మూలకి ఐమూలగా కొలిచాడు. రెండు వైపులా 7 అడుగుల రెండున్నర అంగుళాలు రావాలి. మొదట ఒకవైపు మూడు అంగుళాలు తేడా వచ్చింది. మళ్లీ సర్ది, రెండూ సమానంగా వచ్చాక మేకులు పాతాడు. పుస్తకంలో నేర్చుకున్నది పెరట్లో నిజమవడం వాడి మొహంలో కనిపించింది.

గుంజలకి సరుగుడు వాడాం. ఈ తీరంలో సరుగుడు తోటలకి కొదవ లేదు, కర్ర నిటారుగా వస్తుంది. మొత్తం పది కర్రలు తెచ్చాం, గుంజలకి ఆరు, మిగతావి అడ్డకర్రలకి, వాసాలకి. భూమిలో ఉండే భాగానికి మెకానిక్ షెడ్ నుంచి తెచ్చిన వాడేసిన ఇంజిన్ ఆయిల్ రెండుసార్లు పూసి ఎండబెట్టాం, చెదలు పట్టకుండా.

అసలు కష్టం గుంతలతో వచ్చింది. రెండు అడుగులు తవ్వాలి. అడుగున్నర దాటేసరికి పక్కల నుంచి ఇసుక జారి గుంత పూడిపోతోంది. మా ఆయన మూడుసార్లు తవ్వి మూడుసార్లూ ఆగిపోయారు. అప్పుడు అత్తయ్య ఒక బిందె నీళ్లు తెచ్చి గుంత చుట్టూ పోశారు. తడి ఇసుక నిలబడుతుంది. ఒక్కో గుంతకి ముందు రెండు బిందెలు పోసి తవ్వితే గోడలు జారలేదు. ఇటుక ముక్కలు, సిమెంటు కాంక్రీటు వేసి గుంజలు నిలబెట్టాం. ఉత్త ఇసుకలో పాతి ఉంటే తుఫాను గాలికి నెలలో వాలిపోయేవి.

గుంజల మీద ఒకే ఎత్తున గుర్తు పెట్టడానికి తాపీమేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు అడిగి తెచ్చుకున్నాం. ట్యూబు రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి నేల ఎగుడుదిగుడుగా ఉన్నా గుర్తులు తప్పవు. ఒక కొస చిన్నది పట్టుకుంది, ఇంకో కొస పెద్దాడు.

ఫిబ్రవరి 2, ఆదివారం

అడ్డకర్రలు, నేల పూర్తయ్యాయి.

నేలకి వెదురు బద్దలు. చిటికెన వేలు దూరేంత సందు వదిలి వరసగా కట్టాం. రెట్ట చాలావరకు కింద పడిపోవాలి, కోడి కాలు మాత్రం దిగబడకూడదు. బద్దల అంచులు కత్తితో గీకి నునుపు చేశాం. అరికాలికి చిన్న గాయమైనా కోడి కుంటుతుంది, పుండు ముదిరితే మానడం కష్టం. ఈ గీకే పని నేనూ అత్తయ్యా చేశాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు, ఆవిడ పుట్టింటి కోళ్లు, కొక్కెర తెగులు వచ్చి ఒక్క వారంలో ఊరి కోళ్లన్నీ పోయిన ఏడాది. ముప్ఫై కోళ్లలో ఒక్కటి మిగిలిందట వాళ్లింట్లో.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ రోజు పని వెనక్కి పోయింది.

కిందటి వారం బజారులో ఆరు మూలల కన్నాల కోళ్ల జాలీ చూశాం. 450 రూపాయలకి చుట్టంతా వచ్చేసింది. పేరే కోళ్ల జాలీ కదా అని తెచ్చి పొద్దున్నే దక్షిణం వైపు బిగించాం. మధ్యాహ్నం పెద్దాడు రెండు చేతులతో ఒక కన్నాన్ని పట్టి లాగాడు. తీగ మెలిక విడిపోయి కన్నం పిడికిలంత అయింది. ఎనిమిదో తరగతి పిల్లాడి చేతికి విడిపోయింది మానుపిల్లి పళ్లకి ఆగుతుందా? ఆ జాలీ కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది. బయటిదాన్ని లోపలికి రాకుండా ఆపడం దాని వల్ల కాదు.

విప్పేశాం. అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ (తీగలు అతికించిన జాలీ) తెచ్చాం, మూడడుగుల వెడల్పుది, 25 అడుగులు. దానికి 1350 అయింది. అర అంగుళంలో ఎలుక కూడా దూరదు, పిల్లి పంజా దూరదు. సముద్రం గాలికి తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి కోసిన అంచులన్నిటికీ పెయింటు వేశాం. మేకుని వంచి కొట్టకుండా జాలీ మీద వెదురు బద్ద పెట్టి, బద్ద మీంచి మేకు కొట్టాం. అప్పుడు జాలీ అంచు మొత్తం నొక్కి పట్టి ఉంటుంది, ఒకచోట ఊడినా మిగతాది కదలదు.

జాలీ విషయంలో మాత్రం డబ్బులు చూసుకోకండి. తాటాకు ఇరుగుపొరుగు ఇస్తారు, చెక్క పాతది దొరుకుతుంది. గూడులో కొనక తప్పనిది జాలీ ఒక్కటే.

ఫిబ్రవరి 12, బుధవారం

గోదావరి జిల్లాల్లో కోళ్లకి బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిందని రెండు రోజులుగా టీవీలో అదే వార్త. ఇంట్లో అందరికీ టెన్షన్. చిన్నది బడి నుంచి వచ్చి "అమ్మా, మనవాటిని కూడా చంపేస్తారా?" అని అడిగింది. మన జిల్లాలో లేదని, అయినా జాగ్రత్తగా ఉందామని చెప్పాను. కొత్త కోళ్లు కొనే ఆలోచన మానుకున్నాం. ఉన్నవాటిని వసారా చివర వల కట్టి ఆపాం. వాటి దగ్గరికి వెళ్లే చెప్పులు వేరు, వచ్చాక సబ్బుతో చేతులు కడగడం. చచ్చిన కాకి కానీ కోడి కానీ ఎక్కడ కనిపించినా ముట్టుకోవద్దని పిల్లలకి గట్టిగా చెప్పాను. గుడ్లు బాగా ఉడకబెట్టే తింటున్నాం.

ఫిబ్రవరి 16, ఆదివారం

పైకప్పు, తలుపు.

ఆరడుగుల జింకు రేకులు మూడు వేశాం. రెండు పక్కలా అడుగున్నర పైన చూరు వచ్చింది, ముందు వెనకా ముక్కాలడుగు. వాలు ఉత్తరానికి, తలుపు తూర్పున. వాన నీళ్లు మనం నిలబడేచోట పడకూడదు. రేకుకీ గోడకీ మధ్య చుట్టూ ఆరంగుళాల ఖాళీ వదిలి, దానికీ జాలీ కొట్టాం. రాత్రి కోళ్లు వదిలే వేడిగాలి, రెట్ట ఘాటు పైకి పోయే దారి అదే. ఆ దారి మూసేస్తే రెట్టలోంచి వచ్చే అమ్మోనియా లోపలే నిలిచిపోయి కళ్లు మండుతాయి, కోళ్లకి ఊపిరి జబ్బులు వస్తాయి. కింద ఎంత గట్టిగా మూయాలో పైన అంత ధారాళంగా తెరవాలి.

తలుపుకి చెక్క కొందామని లేచాను. అత్తయ్య నన్ను ఆపి వెనక గదిలోకి తీసుకెళ్లారు. మామయ్య మగ్గం విప్పిన చెక్కలు అక్కడే గోడకి ఆనించి ఉన్నాయి. ఆయన పోయి ఆరేళ్లు. ముప్ఫై ఏళ్లు ఆ మగ్గం మీదే నేశారు, ఆ నేతతోనే మా ఆయన్ని చదివించారు. "ఎన్నాళ్లని ఇలా దుమ్ములో ఉంచుతాం అమ్మాయ్. రోజూ తెరిచి మూసే తలుపైతే రోజూ చెయ్యి తగులుతుంది" అన్నారు. మా ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రంపం తీసుకున్నారు. అరచేయి రాపిడికి నున్నగా అయిపోయిన వైపుని పైకి వచ్చేట్టు పెట్టి చట్రం బిగించారు.

గడియలు రెండు పెట్టాం, ఒకటి పైన, ఒకటి కింద. ఒకటే పెడితే రెండో మూల లాగితే వంగి సందు ఇస్తోంది.

ఫిబ్రవరి 20, గురువారం రాత్రి

ఇది రాసి తీరాలి.

గుంజలకి పాత నూనె డబ్బాల రేకు విప్పి చుట్టాం, ఒక్కోదానికి అడుగున్నర ఎత్తున. కొబ్బరిచెట్లకి ఎలుకలు ఎక్కకుండా రేకు కడతారు కదా, అదే ఉపాయం. ఎక్కే జంతువుకి గోళ్లు దిగవు. ఇక పూర్తయిందనుకున్నాం.

మా ఆయన మాత్రం ఇంట్లో లైట్లన్నీ ఆర్పించి, టార్చిలైటు గూట్లో పెట్టి తలుపు మూశారు. "ఎక్కడెక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ వేలు పెట్టండి" అన్నారు పిల్లలతో. వాళ్లిద్దరూ చీకట్లో గూడు చుట్టూ తిరిగారు. జాలీలోంచి వచ్చే వెలుగు చిన్న చిన్న చుక్కలు. ఆ చుక్కల మధ్య ఒక్కోచోట పెద్ద మరక. ఏడు దొరికాయి. తలుపు కింద ఒకటి. ఈశాన్యం మూల బద్దకీ గుంజకీ మధ్య ఒకటి, అందులో చిన్నదాని పిడికిలి మొత్తం పట్టింది. పగలు నాలుగుసార్లు చూసిన మూలే అది.

ఏడింటికీ సుద్దముక్కతో గుర్తులు పెట్టి ఆ రాత్రే మూసేశాం, కొన్నిటికి జాలీ ముక్క, కొన్నిటికి చెక్క. చివరి మేకు కొట్టేసరికి పదిన్నర. మళ్లీ టార్చి పెట్టి చూశాం. చుక్కలే, మరకలు లేవు. చిన్నది ఈశాన్యం మూల మళ్లీ వేలు పెట్టి చూసి, అప్పుడు నిద్రకి వెళ్లింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

కోళ్లని శుక్రవారమే గూట్లో పెట్టాం. మూడు రోజులు బయటికి వదలకూడదని అత్తయ్య చెప్పారు, అదే ఇల్లని వాటికి తెలియాలి. తిండీ నీళ్లూ లోపలే. మేం రెండో రోజే సాయంత్రం కాసేపు వదిలాం. చీకటి పడేసరికి నాలుగూ వెళ్లి పాత గంప ఉండే చోట వరసగా కూర్చున్నాయి, పుంజు మునగచెట్టెక్కింది. చీకట్లో కోడికి కళ్లు కనపడవు కాబట్టి పట్టుకోవడం కష్టం కాలేదు. ఒక్కొక్కదాన్నీ మోసుకొచ్చి మళ్లీ గూట్లో పెట్టాం. ఇంకో మూడు రోజులు తలుపు తీయం.

మార్చి 2, ఆదివారం

ఇప్పుడు దీపాలు పెట్టే వేళకి వాటంతట అవే నిచ్చెన ఎక్కి లోపలికి పోతున్నాయి. పుంజు చివర.

కానీ గుడ్లు పెట్టే పెట్టెలు రోజూ రెట్టతో నిండుతున్నాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న రెండు పెట్టెలు, ఊక పోసి గోడకి రెండున్నర అడుగుల ఎత్తున బిగించాం. పడుకునే కర్ర రెండు అడుగుల ఎత్తున ఉంది. కోడి రాత్రికి ఎప్పుడూ దొరికిన చోట్లలో అన్నిటికన్నా ఎత్తైనది వెతుక్కుంటుంది. పెట్టెలు ఎత్తుగా ఉన్నాయి కాబట్టి వాటిలోనే పడుకుంటున్నాయి. పెట్టెల్ని అడుగు ఎత్తుకి దించి, కర్రని మూడు అడుగులకి ఎత్తాం. పడుకునే కర్రగా ముందు పెట్టిన ప్లాస్టిక్ పైపు కూడా తీసేశాం, కాళ్లు జారుతున్నాయి. దాని బదులు రెండంగుళాల మందం సరుగుడు కర్ర, బెరడుతోనే. మూడు రాత్రులకి పెట్టెలు శుభ్రం.

ఎర్రపెట్ట పొదుగుడుకి వచ్చింది. కదలదు, దగ్గరికెళ్తే ఈకలు నిక్కబొడిచి కొక్కొక్కొమంటుంది. గ్రామప్రియ పిల్లలు కొందామని మా ఆయన జనవరి నుంచి అంటున్నారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం అది, నాటుపెట్ట కన్నా ఎన్నో ఎక్కువ గుడ్లు పెడుతుంది. కానీ పొదగదు. నాటుపెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లే పెట్టినా తన పిల్లల్ని తనే చేసుకుంటుంది, తనే కాపాడుకుంటుంది. ఈ సంవత్సరానికి నాటుకోళ్లే అన్న అత్తయ్య మాటే నిలిచింది.

బుట్టలో గడ్డి పరిచి పదకొండు గుడ్లు పెట్టారు ఆవిడ. వారం పది రోజుల్లోపు పెట్టినవే. ఉరుములకి గుడ్లు మురగకుండా అని ఒక బొగ్గుముక్క, ఒక ఇనప మేకు కూడా బుట్టలో వేశారు. మా గూటికి కొట్టగా మిగిలిన మేకే. పెట్ట సాయంత్రానికి సర్దుకుని కూర్చుంది. ఇరవై ఒక్క రోజులు.

మార్చి 9, ఆదివారం

ఏడో రోజు. రాత్రి టార్చి మీద గుడ్డు పెట్టి చూశాం. పిల్ల కట్టిన గుడ్డులో నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు. తొమ్మిదింటిలో కనిపించాయి. రెండు ఖాళీగా వెలుగుతున్నాయి, తీసేశాం. ఒకదానిలో చుక్క కదిలింది. పెద్దాడు టార్చి ఆర్పడం మర్చిపోయి అలాగే పట్టుకున్నాడు, నేనే చేతిలోంచి తీసుకున్నాను. ఎక్కువసేపు వేడి తగలకూడదు.

మార్చి 16, ఆదివారం

ఎండలు ముదురుతున్నాయి. మధ్యాహ్నం రెండింటికి రేకు కింద చెయ్యి పెడితే సెగ. పైన తాటాకు రెండు వరసలు పరిచి, గాలికి ఎగరకుండా తాడుతో కట్టాం. గంట తర్వాత మళ్లీ చెయ్యి పెట్టి చూస్తే తేడా తెలిసింది. మధ్యాహ్నం కోళ్లన్నీ గూటి కిందే ఉంటున్నాయి. ఆ నీడలో ఇసుకలో గుంతలు చేసుకుని పొర్లుతున్నాయి, అక్కడ కాస్త పొయ్యి బూడిద కలిపాం, పేలు పట్టకుండా. ఎత్తున కట్టడం వల్ల ఈ నీడ అదనంగా వచ్చింది.

కింద పడ్డ రెట్టని వారానికోసారి ఊడ్చి పోగు వేస్తున్నాను. పచ్చిది మొక్కలకి వేస్తే మాడిపోతాయి. ఎండుటాకులు కలిపి కొన్ని నెలలు మాగనిచ్చాక బెండ మళ్లకి.

ఖర్చు లెక్క పెద్దాడు తేల్చాడు. సరుగుడు కర్రలు పది 1500, వెదురు 640, వెల్డ్ మెష్ 1350, రేకులు 1650, సిమెంటు 350, మేకులు, బందులు, గడియలు 600. మొత్తం 6090. విప్పేసిన జాలీ 450 కలిపితే 6540. ఆ జాలీ ఇప్పుడు ఆకుకూరల మడి చుట్టూ ఉంది.

మార్చి 24, సోమవారం

నిన్న పొద్దున బుట్టలోంచి సన్నటి కిచకిచ. పెట్ట మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు, మేమూ వెళ్లలేదు. ఈ రోజు తెల్లవారేసరికి ఎనిమిది పిల్లలు. తొమ్మిదో గుడ్డు పగలలేదు.

వెదురు నేల సందులు పెద్దకోడికి సరిపోతాయి కానీ పిల్ల కాలు దిగబడుతుంది. అందుకని గూట్లో ఒక మూల గోనెసంచి పరిచి, దాని మీద ఊక పోసి, చుట్టూ జానెడు ఎత్తు చెక్క అడ్డు పెట్టాం. తల్లీ పిల్లలూ రాత్రికి అక్కడే. పగలు మళ్లీ పాత గంప, గద్దకీ కాకికీ అందకుండా. రాత్రి పని నుంచి దాన్ని తప్పించాం, పగటి పనికి అది బాగా పనికొస్తుంది. నీళ్లకి లోతు లేని పళ్లెం, అందులో గులకరాళ్లు, పిల్లలు పడి మునగకుండా. తిండికి సన్న నూకలు, మొక్కజొన్న రవ్వ.

ఒక పిల్లకి వీపు మీద మచ్చలున్నాయి. చిన్నది దాని పేరు ఎవరికీ చెప్పలేదు కానీ నాకు తెలుసు.

మార్చి 29, శనివారం

ఆరో రోజు. కొక్కెర తెగులుకి మొదటి టీకా లసోటా ఐదు నుంచి ఏడు రోజుల మధ్య వేయాలి. రేపు ఉగాది, ఆసుపత్రి ఉండదు, అందుకే ఈ రోజే. సీసాలో వంద మోతాదులుంటాయి, ద్రావణం కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. మన ఎనిమిది పిల్లలకి వంద మోతాదులు తెచ్చుకుని మిగతావి పారబోయడం అత్తయ్యకి నచ్చలేదు. నిన్న సాయంత్రమే వీధిలో కోడిపిల్లలున్న ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పి వచ్చారు.

పశువుల ఆసుపత్రి నుంచి మా ఆయన ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో సీసా తెచ్చేసరికి మా పెరట్లో బుట్టలు, అట్టపెట్టెలు, ఒక సైకిలు ముందు బుట్ట కూడా. మొత్తం అరవై మూడు పిల్లలు. పెద్దాడు లెక్క రాశాడు, అత్తయ్య పిల్లని పట్టుకున్నారు, నేను ఒక్కో కంట్లో కాదు, ఒక కంట్లోనే ఒక్క చుక్క వేశాను. చుక్క ఇంకేదాకా వదలకూడదు. మచ్చల పిల్లని మాత్రం చిన్నదే పట్టుకుంది.

టీకా అయిపోయాక పక్కింటి పిన్ని గూడు చుట్టూ తిరిగి చూశారు. తలుపు తీసి మూశారు. వాళ్ల కోళ్లు ఇంకా గంప కిందే ఉంటున్నాయి. "ఈ రేకు డబ్బాలు ఎక్కడివి? ఆ తడిక ఎంత?" అని అడిగారు. పెద్దాడు కొలతల కాగితం తెచ్చి ఇచ్చాడు. చిన్నది లోపలికి పరిగెత్తి టార్చిలైటు తెచ్చి, చీకటి పడ్డాక దీంతో ఏం చేయాలో చెప్పడం మొదలుపెట్టింది.